గుర్రుమన్న గోడ

దేవుడు హెచ్చరిక పంపేటప్పుడు, మనం నమ్మే మనిషి చేత ఎందుకు పంపడు? ఈ సందేహం ఆమెను పదేళ్లుగా వదల్లేదు.

అప్పట్లో ఆమె కాలేజీ రేడియోలో మిక్సర్ దగ్గర కూర్చునేది. అద్దానికి అవతల, తలుపు మూసిన గదిలో, మైకు ముందు ఆమె స్నేహితుడు. అందరూ వాగుడుకాయ అనేవారు.

రోజూ నాలుగింటికి ప్రోగ్రాం మొదలవగానే ఫోను మోగేది. ఎవరో ముసలాయన గొంతు.

"అమ్మా, ఆ అబ్బాయి మాటల వెనక గుర్రుమంటోంది. గోడలో వైరు ఎవరికైనా చూపించండి. ఆఫీసులో చెబితే, అది పిల్లలు నడుపుకునే రేడియో, వాళ్లకే చెప్పుకోమన్నారు."

పాట నడుస్తుండగా వాగుడుకాయ తలుపు తీసి ఫోనులోకి అరిచాడు.

"అది నా గురక తాతా! నా ప్రోగ్రాం వింటే నాకే నిద్దరొస్తుంది!"

ఆ రోజు నుంచి ఆయనకు గుర్రుతాత అని పేరు పడింది.

రెండో వారానికి ఆ గొంతులో కంగారు మొదలైంది.

"నిన్నటికన్నా పెరిగిందమ్మా. నీకు దణ్ణం పెడతాను, గది ఖాళీ చెయ్యండి."

ఆమె మైకు గది గోడకు చెవి ఆనించింది. వెచ్చగా తగిలింది. ఎండాకాలం కదా అనుకుంది.

"గోడ పగలగొడితే నెల్లాళ్లు రేడియో మూతే," అన్నాడు వాగుడుకాయ. "ముసలాడి నోరు మూయించే ఉపాయం చూడవే."

ఉపాయం ఆమె చేతిలోనే ఉంది. మిక్సర్ మీద, చప్పుళ్లు వడకట్టే ఫిల్టరు మీట నొక్కింది.

గోడలో చప్పుడు గోడలోనే ఉంది. రేడియోలో మాత్రం మాయమైంది.

మర్నాడు మళ్లీ ఫోను.

"ఇవాళ చప్పుడు లేదు. బాగుచేయించారా?"

"ఆఁ, చేయించాం."

"గోడ పగలగొట్టారా?"

ఆమె ఫిల్టరు మీట వైపు చూసింది.

"వైరు మార్చారా తల్లీ, చప్పుడే తీసేశారా?"

ఆమె ఫోను పెట్టేసింది.

అయిదు నిమిషాలకు అద్దం అవతలి గోడ నల్లబడింది. తరవాత ఎర్రబడింది.

వాగుడుకాయ తలుపు గుంజుతున్నాడు. అది బిగుసుకుపోయింది. నోరంతా తెరిచి అరుస్తున్నాడు. చప్పుడు దాటకుండా కట్టిన ఆ గదిలోంచి ఒక్క కేకా బయటికి రాలేదు.

ఆమె గొళ్లెం పట్టుకుంది. చెయ్యి చుర్రుమంది. కాళ్లు వాటంతటవే మెట్లవైపు పరుగెత్తాయి.

మెట్ల మీద ఒక ముసలాయన ఆయాసపడుతూ ఎదురొచ్చాడు.

"పైకెళ్లకండి! మంటలు!"

"తెలుసమ్మా. నువ్వు దిగిపో."

ఆ గొంతు ఆమె రోజూ వింటున్నదే.

వాగుడుకాయ బతికాడు. అతణ్ణి బయటికి తోసిన మనిషి మాత్రం బయటికి రాలేదు.

సాయంత్రం, దుప్పటి కప్పిన శరీరం దగ్గర వాచ్‌మన్ టోపీ తీసి నిలబడ్డాడు. అతనూ ముసలివాడే.

"రోజూ గేటు బయట బెంచీ మీద కూర్చుని చిన్న రేడియో చెవికి ఆనించుకునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. ఇవాళ బాకీ తీర్చుకున్నాడు."

"ఏం బాకీ బాబాయ్?"

వాచ్‌మన్ ఆమె కాలిన చేతివైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నేను పనిలో చేరిన ఏడు ఆ గదిలోనే మంటలు లేచాయమ్మా. మైకు ముందున్న పిల్లాడు లోపలే ఉండిపోయాడు. స్నేహితుణ్ణి వదిలేసి ఈ మెట్లు దిగి పారిపోయిన మిక్సర్ కుర్రాడు... ఈయనే."