ఇరవై ఏడో నంబరు ఇల్లు

“ఒక్క సంతకం తక్కువైందమ్మా,” అన్నాడు కాలనీ సెక్రటరీ కొండలరావు.

రత్నమణి ఎదురు కుర్చీలో కూలబడింది. పెందుర్తి దగ్గర రెండు లేఔట్ల మధ్య ఉన్న గోడకి చిన్న గేటు పెట్టించాలని, మోకాళ్ళ నొప్పులతో మూడు నెలలు తమ కాలనీలో ఇల్లిల్లూ తిరిగిందామె.

“ఎవరండీ ఆ మహానుభావుడు?”

“అవతల కాలనీ సంతకాలు వాళ్ళ సెక్రటరీయే తీసుకున్నాడు. పేరు చెప్పలేదు, ఇరవై ఏడో నంబరంట. అందరూ ఒప్పుకుంటేనే గేటు. రేపటితో గడువైపోద్ది.”

బయటికొచ్చి గ్రేసీకి ఫోన్ చేసింది. వన్‌టౌన్‌లో ముప్ఫై ఏళ్ళు ఎదురెదురు గుమ్మాలు వాళ్ళవి. భర్త పోయాక రత్నమణి ఒంటరిగా ఇటొచ్చింది. ఆర్నెల్ల కిందట గ్రేసీ గోడ అవతలే ఇల్లు కొందని తెలిసి ఆనందంతో ఏడ్చేసింది. కానీ గోడ లేకపోతే వంద అడుగులు, రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు. ఆ ఇల్లెలా ఉంటుందో ఇంతవరకు చూడనే లేదు.

“ఎవరో ఒప్పుకోలేదంట గ్రేసీ! నీకు తెలుసేటి?”

“నాకెవురు తెలుసక్కా ఇక్కడ? గేటుంటే నాను రోజూ నీ కాడే టీ తాగుదును.”

“పోనీ ఇయ్యాల మీ ఇంటికి రానా?”

“ఇయ్యాలొద్దక్కా, సున్నాలేత్తన్నారు.”

“రెండు నెల్లనుంచీ అదే సున్నమేటే! అది ఇల్లా, కోటా?”

ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం కొబ్బరి లౌజు డబ్బాలో పెట్టుకుని లతీఫ్ ఆటో ఎక్కింది రత్నమణి.

“గోడ దూకితే అయిపోద్ది కదమ్మా!” అన్నాడు లతీఫ్.

“నువ్వెత్తుకుంటావేటి?”

ఆటో మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగింది. ఎక్కడ చూసినా లేఔట్‌కి ఒకటే గేటు. లోపలి వీధులన్నీ గోడల దగ్గరే ఆగిపోతున్నాయి.

“మా వన్‌టౌన్‌లో ఏ సందులో దూరినా ఎవరో ఒకరి గుమ్మంలో తేలేవాళ్ళం,” అంది.

“ఆ ఇరవై ఏడోడితో గొడవేటమ్మా?”

“గొడవెందుకు బాబూ? బతిమాలతాను. మాటాడ్డానికి నాకు మనిషి లేదని చెప్తాను. మనిషైతే కరగడా?”

ఇరవై ఏడో నంబరు ముందు ఆటో ఆగింది. రత్నమణి జుట్టు సవరించుకుంది. చెప్పాల్సిన నాలుగు మాటలూ మనసులో మరోసారి అనుకుని బెల్లు నొక్కింది.

తలుపు తీసింది గ్రేసీ.