కానీ తర్వాత

ఇంటింటికీ చెవిపెట్టెలు వచ్చాక ఓటు వేయడానికి ఎవరూ గడప దాటడం లేదు. నెల్లాళ్లు మన మాటలు విని, ఆ పెట్టే మన ఓటు వేసేస్తుంది.

ఈసారి "ఊరందరికీ ఒకటే శ్మశానం" అంటూ నిలబడ్డ దీవెన అనే అమ్మాయి మా వార్డులో గెలిచింది. పక్క మూడు వార్డుల్లోనూ ఆమె జట్టే. ఎవరిని అడిగినా "నేను వేయలేదు" అనేవాళ్లే.

కోటిలింగం బాబాయి నన్ను వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి, ఆయనింటి పెట్టెలో రికార్డైన ఆయన గొంతే ఆయనకు వినిపించింది. "ఆ పిల్ల చెప్పేది మంచిదే, కానీ..."

"చూశావా, కానీ అన్నాను!"

"అందుకేనండీ. కానీ అంటే కానివ్వమన్నారనుకుని వేసేసింది. వార్డంతా ఇదే మాటండీ."

"ఆ కానీ కాదమ్మా ఇది!"

"అయితే అభ్యంతరం రాసుకుంటానండీ. కానీ తర్వాత ఏమిటో చెప్పండి."

బాబాయి నోరు తెరిచాడు. అదే ఫిర్యాదుతో వెనక నిలబడ్డవాళ్లంతా చెవులు రిక్కించారు. నా ఓటూ అలాగే పడింది, ఆ తర్వాతి ముక్క నాకూ తెలియదు. బాబాయి ఫ్యాను వంక చూశాడు, చెప్పుల వంక చూశాడు.

"మంచిదేనమ్మా," అన్నాడు చివరికి. "కానీ..."

బల్ల మీది చెవిపెట్టె పచ్చగా వెలిగి, ఓటు ఖరారైందని చెప్పింది.