కొరిన్ ప్రశ్నలు

"మా ఆవిడ బుర్ర పాడుచేస్తున్న ప్రొఫెసరు మీరేనా?"

తరగతి గది తాళం తీస్తున్న థియా లాండ్‌గ్రెన్ వెనక్కి తిరిగింది. ఎదురుగా పొడుగాటి పెద్దాయన. చలికోటు బొత్తాలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకున్నాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. బూట్ల మీద మంచు ఇంకా కరగలేదు.

"మీ ఆవిడ ఎవరండీ?"

"కొరిన్ గానియో. నేను లూసియన్‌ని, ఆవిడ మొగుణ్ణి. ఆవిడ పేరు మీ క్లాసులోంచి కొట్టేయండి."

'మంచి బతుకంటే ఏమిటి?' అనే ఆ తత్వశాస్త్రం కోర్సును కమ్యూనిటీ కాలేజీ ఆ చలికాలమే ప్రత్యేకంగా పెట్టింది. నర్సింగు క్లాసుల్లో కూర్చోడానికి చోటు లేదు. ఇక్కడ మాత్రం కుర్చీలే ఎక్కువ. ఇంకొక్కరు తగ్గినా కోర్సు ఎత్తేస్తామని డీన్ ఆ పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

"ఏం జరిగింది?"

"ఏం జరగలేదో అడగండి. గుడ్డు తింటుంటే, 'ఆకలేసి తింటున్నావా, ఎనిమిదైందని తింటున్నావా?' అంటుంది. టీవీ పెడితే, 'నువ్వు దాన్ని చూస్తున్నావా, అది నిన్ను చూస్తోందా?' అంటుంది. నిన్న నా మానాన నేను కిటికీ దగ్గర కూర్చుంటే..." ఆయన గొంతు తగ్గింది. "'నువ్వు కుర్చీలో ఉన్నావా, కుర్చీయే నీలో ఉందా?' అంది. ఇదా మీరు నేర్పే చదువు? ఇన్నేళ్ల కాపురంలో ఏనాడూ ఇలా మాట్లాడలేదు."

థియా నవ్వు ఆపుకుంది. "పేరు తీయాలంటే ఆవిడే అడగాలండీ. మీరు ఈ ఒక్క క్లాసు కూర్చుని చూడండి. ఆ తర్వాత ఎంత తిట్టినా పడతాను."

"కూర్చుంటా. ఎక్కడ తప్పు చెప్తారో అక్కడే పట్టుకుంటా."

ముందు వరసలో చతికిలబడ్డాడు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చారు. కొరిన్ వచ్చింది, భర్తని చూసింది, పలకరించకుండా ఎప్పటిలాగే ఆఖరి వరసకి వెళ్లిపోయింది. చేరినప్పటి నుంచి ఆవిడ క్లాసులో నోరు విప్పింది లేదు.

"పని పోతే మనిషిలో ఏం మిగులుతుంది?" అని అడిగి థియా బల్లకి ఆనుకుని నిలబడింది.

"అంతా మిగుల్తుంది. పనంటే జీతమేగా. ఇది పోతే ఇంకోటి," అంది మైరా. పగలు నర్సింగు చదువుతూ, తీరిక దొరికినప్పుడు ఇక్కడికొచ్చే పిల్ల.

లూసియన్ కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మాయివే నువ్వు? జీతమేనా? నేను పేపరు మిల్లులో చేశాను. మిషను మీంచి దిగిన కాగితం అప్పుడే కాల్చిన రొట్టెలా వెచ్చగా ఉండేది. ఏ పిల్లాడో దాని మీద మొదటి అక్షరం రాస్తాడు కదా అనుకునేవాణ్ణి. దానికి జీతమిచ్చేవాడెవడు?"

"ఎవరూ ఇవ్వరు, ఒప్పుకుంటా," అంది మైరా. "కానీ మిల్లు మూసేశారుగా పెద్దాయనా. ఆ వెచ్చదనం మిల్లుదా, మీదా? మిల్లుదైతే పోయినట్టే. మీదైతే ఇప్పుడెక్కడుంది?"

లూసియన్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. ఇక వెళ్లిపోతాడనుకుంది థియా. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, మళ్లీ కూర్చున్నాడు.

"ఉండు. చెప్తా."

ఏదో చెప్పాడు. మైరా కాదంది. వెనక నుంచి బంగాళాదుంపల రైతొకడు ఇద్దరిదీ తప్పేనన్నాడు. లూసియన్ బల్ల మీద గుద్దాడు, ఒక మాట వెనక్కి తీసుకున్నాడు, "అది నిజమే కానీ" అంటూ మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరో తిప్పికొట్టిన తీరుకి పెద్దగా నవ్వేశాడు. నవ్వి, ఆ నవ్వు తనదేనా అన్నట్టు చుట్టూ చూశాడు. ఆఖరి వరసలో కొరిన్ ముఖం చేతుల్లో దాచుకుంది. పాపం, మొగుడు పరువు తీస్తున్నాడని ఏడుస్తోంది కాబోలనుకుంది థియా.

క్లాసు అయిపోయినా వాదన ఆగలేదు. లూసియన్ మైరా వెంట వరండాలో నడుస్తూనే, "మళ్లీ ఎప్పుడు క్లాసు? గురువారమా? సరే, గురువారం నీకు సమాధానం పట్టుకొస్తా చూడు," అంటున్నాడు.

గది ఖాళీ అయ్యాక కొరిన్ బల్ల దగ్గరికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"నా పేరు తీసేయండమ్మా."

థియా నీరుగారిపోయింది. "అయ్యో, ఆయన కోపం పోయినట్టుందే. ఇంకా భయపడుతున్నారా?"

"భయమా, ఆయనంటేనా?" కొరిన్ స్కార్ఫు మెడకి చుట్టుకుంది. "నా చోట ఆయన పేరు రాసుకోండి. మీకు లెక్క తగ్గదు."

"మీరు కూడా ఉండొచ్చు కదా. ఆ కుర్చీ ప్రశ్న ఎంత బావుందో. నేనైతే క్లాసులో అలాంటిది ఎప్పుడూ అడగలేదు."

"మీరెక్కడ అడిగారు, అన్నీ నేను కల్పించినవే. మిల్లు మూసినప్పటి నుంచి ఆయన గడప దాటలేదమ్మా. చర్చికి పిలిస్తే రాడు, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు." వరండాలోంచి వస్తున్న భర్త గొంతు వింటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. "దెబ్బలాటకైతే ఒక్క ఉదుటున వస్తాడని తెలుసు. ఆయన్ని మీ మీదకి పంపడానికే నేను ఈ క్లాసులో చేరాను."