వీపు మీది అతుకు

"కట్!" అని అరిచింది కీర్తి.

వాచ్‌మన్ సాంబయ్య మళ్లీ ఫ్రేములోకి వచ్చేశాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, చేతిలో టీ కెటిల్, ముక్కు కిందికి జారిన మాస్కు.

"తాతా, షూటింగ్ జరుగుతోంది. కనిపించడం లేదా?"

"సాయ్ సల్లారిపోతదని బిడ్డా."

వలస కార్మికుల పేట డిండోలిలో మూతపడ్డ ఆ మగ్గాల షెడ్డులో పదిరోజులుగా ఇదే తంతు. కీర్తి తీస్తున్నది పంక్ పాటల మీద చిన్న సినిమా. పంక్ అంటే శ్రుతీ లయా పట్టించుకోకుండా, ఎవరికీ తల వంచకుండా గొంతు చించుకునే పాట. అందులో టీ కెటిల్‌కు చోటెక్కడిది?

సినిమాకు ప్రాణమంతా ఇరవై సెకన్ల పాత క్లిప్పు. నిరుడు లాక్‌డౌన్‌లో ఎవరో మేడ మీది నుంచి ఫోన్లో తీశారు. పని లేక, ఊరెళ్లే రైలు లేక రోడ్డెక్కిన మగ్గం కార్మికుల ముందు ఒకతను ఖాళీ గిన్నె మీద గరిటెతో కొడుతూ, "మమ్ముల ఇంటికి తోలుండ్రి!" అని పాడుతుంటాడు. వెనకనుంచే కనిపిస్తాడు. చొక్కా వీపు మీద ఎర్ర దారంతో కుట్టిన పెద్ద అతుకు.

అతనే కీర్తి హీరో. ఆ ముఖం మీదే సినిమా ముగించాలని ఆమె ఆశ. నగరం ఈ చివర భేస్తాన్ నుంచి ఆ చివర కామ్‌రేజ్ దాకా ఆరు నెలలు వెతికింది. రోడ్డెక్కినవాళ్లను కొందరు సేట్లు మళ్లీ పనిలో పెట్టుకోలేదట, అందుకని ఎవరూ నోరు విప్పలేదు.

చివరికి తన సినిమాలో పాడే బ్యాండు కుర్రాళ్ల కొత్త జాకెట్ల వెనక ఎర్ర దారంతో అలాంటి అతుకులే కుట్టించి సరిపెట్టుకుంది.

టీ పోస్తూ సాంబయ్య, పాటగాడు శ్రీహర్ష వీపు చూశాడు.

"చినగని అంగికి అతుకేంది బిడ్డా?"

"తిరుగుబాటు గుర్తు తాతా," అన్నాడు శ్రీహర్ష.

ముసలాయన నవ్వాడు. "అయితే కుట్టు జర దగ్గర దగ్గర పడాలె. గిట్ల దూరం దూరం పడితే రెండొద్దులల్ల ఊడుతది."

కీర్తికి ఒళ్లు మండింది. అయినా అందరికీ చూపించినట్టే ఆయనకూ క్లిప్పు చూపించింది.

"మీరూ మగ్గం నడిపినవారేగా. ఈయన ఎవరో తెలుసా?"

సాంబయ్య చాలాసేపు చూశాడు. తర్వాత షెడ్డు సేటు ఆఫీసు గది వైపు ఒకసారి చూశాడు.

"మొకం కనవడ్తలేదు గద బిడ్డా. ఎవలైతేంది? మంది ఇంటికి వోయిండ్రు, గంతే సాలు."

ఆ వారమే కెమెరా కార్డు నిండిపోయింది. చోటు కోసం సాంబయ్య అడ్డొచ్చిన షాట్లన్నీ ఏరి ఏరి చెరిపేసింది కీర్తి.

ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి షూటింగ్ ఆగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎడిటింగ్ చేసుకుంటుంటే, గేటు దగ్గర ఒక ముసలామె నిలబడింది.

"సినిమా తీసే బిడ్డవు నువ్వేనా? నేను లింగవ్వను. వాచ్‌మన్ సాంబయ్య ఇంటిదాన్ని. ఆయన పోయిండు బిడ్డా, కరోనాల. దవాఖానల మొకం గూడ సూపియ్యలే."

కీర్తి గేటు తీసింది.

"ఎల్లుండి దినాలు. దండ ఎయ్యను ఫోటో లేదు. ఆధార్ కార్డుల బొమ్మ పెద్దగ జేస్తే మొకమే గుర్తువడ్తలేదు. సినిమాల వడ్డనని మస్తు మురిసేటోడు. ఆయనది ఒక్క బొమ్మ ఇయ్యి బిడ్డా."

కీర్తి ఆమెను లోపల కూర్చోబెట్టి లాప్‌టాప్ అంతా గాలించింది. ఒక షాట్ అంచున కెటిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం దొరికింది.

సిగ్గుతో ఆమె తల పైకి లేవలేదు. "క్షమించు అవ్వా. అన్నీ నేనే చెరిపేశాను."

లింగవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పోనీయ్. ఆయన మురిసిన సినిమా జర సూపియ్యి, సూసి పోత."

కీర్తి సినిమా మొదటి నుంచి పెట్టింది. తెర మీద ఆ పాత క్లిప్పులో ఖాళీ గిన్నె మోగింది.

"ఈయన కోసమే ఆరు నెలలు తిరిగాను అవ్వా. ముఖమే దొరకలేదు."

లింగవ్వ తెర దగ్గరికి జరిగింది. ఆ వీపు మీద మెల్లగా వేలు పెట్టింది.

"మొకం లేకుంటే పాయె బిడ్డా. గీ ఎర్ర దారం కుట్టు నేనేసిందే. దండ గీ బొమ్మకే ఏస్త."