పాలు పిండే చప్పుడు

లావణ్య చదువుకోవడానికి ఇటలీ వెళ్ళి నెల కూడా కాలేదు. అక్కడ ఆమెకు నిద్ర పట్టని అర్ధరాత్రి, ఇక్కడ పాతబస్తీలో పాలు పిండే వేళ. అందుకే ఆ వేళకే ఇంటికి ఫోన్ చేసేది.

ఆ రాత్రి తల్లి రుక్మాబాయి గడప మీద కూర్చుని వీడియోలో మాట్లాడుతోంది. పక్కనే మంచం మీద తండ్రి గురక పెడుతున్నాడు. వెనక చీకటి కొట్టంలో, బకెట్‌లో పాలధార పడుతున్న చప్పుడు. సర్... సర్... ఆగకుండా.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బర్రె. లావణ్య చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. ఇంకెవరు కూర్చున్నా బకెట్ తన్నేస్తుంది. తను పోతే ఎట్లా అని ఇంట్లో పెద్ద లొల్లే అయింది.

"అమ్మా, పాలు ఎవరు పిండుతున్నరు?"

"మీ బాపు."

"బాపు నీ పక్కనే పండుకున్నడు గదనే."

కొట్టంలో చప్పుడు ఆగిపోయింది.

"నీకు చెప్పొద్దనుకున్నం బిడ్డా," అంది రుక్మాబాయి గొంతు తగ్గించి. "నువ్వు ఇమానం ఎక్కిన తెల్లారే వచ్చింది. అచ్చం నీ లెక్కనే ఉంటది. నీ బట్టలే తొడుక్కుంటది. చదువుకు పోత అని లొల్లి పెట్టదు."

"అది నేను కాదమ్మా."

"మాకు ఎరుకే."

లావణ్య తల్లి కళ్ళల్లో భయం కోసం వెతికింది. కనబడలేదు. కొట్టం దిక్కు నుంచి మెల్లగా అడుగుల చప్పుడు వస్తోంది.

"ఇగ పెట్టేస్త. మల్ల ఫోన్ చెయ్యకు," అంది తల్లి. "నీతోని మాట్లాడితే అది అలుగుతది."