రాజీరు నాయిన

పత్తి చేలో లసుమవ్వను పాము కరిచింది. ఆమె ఫోనే అంబులెన్సును పిలిచింది. డ్రైవరు లేని ఆ బండి గట్టు దాకా వచ్చి ఆగింది గానీ తలుపు తెరవలేదు.

"ఆపదలో పిలవమని ఈమె చెప్పిన మనిషి రాజీరు నాయిన. ఆయన ఒప్పుకుంటేనే ఎక్కించుకుంటాం," అంది బండిలోని ఆడగొంతు.

"గా రాజీరు నాయిన్ను నేనే బిడ్డా, దీని పెనిమిటిని," అన్నాడు ఆశయ్య, తలుపు మీద వేలు ఆనించి.

"మీ వేలిముద్రకు ఆశయ్య అని ఉంది. మీకు రాజీరు అనే కొడుకు లేడు."

ఫోన్లలో నంబర్లు పోయి పేర్లే మిగిలిన రోజులవి. వాళ్ల కొడుకు రాజీరు, ఎక్కడా వాడి పేరు రాయించకముందే, పసితనంలోనే జ్వరంతో పోయాడు. మొగుడి పేరు నోట పలకని లసుమవ్వ, వాడు పోయినా ఆయన్ను అలాగే పిలుస్తోంది. ఫోన్‌కూ అదే చెప్పింది.

"అయితే మీ పేరు ఆమెనే చెప్పమనండి. మార్చుకుంటాం."

ఆశయ్య ఆమె తలను ఒడిలోకి తీసుకున్నాడు. ఆమె కాలు మోకాలి దాకా నల్లబడి ఉబ్బింది.

"లసుమా, ఒక్కసారి నా పేరు పల్కవే. ఎవ్వలేమనరు. నీ కాల్మొక్త."

లసుమవ్వ కష్టంగా కళ్లు తెరిచింది. బండి కూడా వినడానికి మోత ఆపింది.

"గట్ల మొక్కకు, రాజీరు నాయినా," అంది లసుమవ్వ. "నాకు పాపం తగుల్తది."