ఇత్తడి గిన్నెల గంజి

“ఇడువే ముసల్దానా, గా చిప్ప ఇడువు!”

దొర మనిషి గాలయ్య సుక్కమ్మ చేతిలోని మట్టిచిప్పను గుంజుకుని బండకేసి కొట్టాడు. గంజి కోసం దొర గడి ముందు వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా తమ చిప్పలను కొంగుల కింద దాచుకున్నారు. అయినా గాలయ్య ఒక్కదాన్నీ వదల్లేదు.

సుక్కమ్మ చంకలో మనుమరాలు జానమ్మ ఉంది. నిన్నటి గంజి తర్వాత ఆ పిల్ల నోట్లో ఏమీ పడలేదు.

“మరి దేంట్ల తాగాలె కొడకా? దోసిట్లనా?”

“గంజి జూడనీకి పట్నం నుంచి సర్కారు పెద్ద సాబ్ వస్తుండు. గీ పగిలిన చిప్పలు జూస్తే దొర ఇజ్జత్ ఏం గావాలె?”

వానల్లేని ఏడు అది, దానికి తోడు లడాయి కాలం, ఎక్కడో యుద్ధం. ఊళ్లో కల్లాలన్నీ లెవీ పేరుతో ఊడ్చుకుపోయిన సర్కారు, మళ్లీ దయ తలచి, బీదల గంజికంటూ ఆ జొన్నల్లోవే కొన్ని బస్తాలు పంపుతోంది. బస్తాలు దొరగారి గడిలో దిగేవి. గంజిలో మాత్రం జొన్నగింజ కోసం వేలుపెట్టి వెతుక్కోవాలి.

ఇంతలో దొరే స్వయంగా బయటికి వచ్చాడు. వెనక పనివాళ్లు గడిలో పెళ్లిళ్లకు తీసే ఇత్తడి గిన్నెలను గంపలతో మోసుకొచ్చి మనిషికొకటి పంచారు. లోపలి నుంచి దొరసాని ముక్కు చిట్లించింది.

“ఊరవతలోళ్ల చేతికి మన గిన్నెలా?”

“సాబ్ పోంగనే గుంజుకుని చింతపండేసి తోమిస్త. నువ్వు లోపలికి నడువు” అని కసిరి, దొర ఆడవాళ్ల వైపు తిరిగాడు. “ఇనుండ్రి. గిన్నెలు ఎవరియని అడిగితే మాయే అనాలె. ఒక్కతి నోరు జారినా ఊరంతటికి గంజి బంద్!”

సాబ్ గూడుబండి దిగాడు. ముందూ వెనకా జవాన్లు. ఎండకు తళతళలాడుతున్న గిన్నెలను చూసి అతని కనుబొమలు పైకి లేచాయి.

“ఈ పాత్రలు ఎవరివి?”

“వాళ్లయే సాబ్!” దొర చేతులు నలుపుకున్నాడు. “మీ గంజి మొదలైననాడు మట్టిచిప్పలతోని వచ్చిండ్రు. గంజి తాగితే ఒంట్ల బలమొచ్చింది. బలమొస్తే పని దొరికింది. పని దొరికితే గిన్నెలొచ్చినయ్. ఇంక నాలుగు బస్తాలు ఎక్కువ పంపిండ్రంటే ఎండి గిన్నెలే!”

“నిజమేనా అవ్వా?” సాబ్ సుక్కమ్మను అడిగాడు.

సుక్కమ్మ చంకలో పిల్లను చూసింది, పొయ్యి మీది గంజి కాగును చూసింది.

“మాయే సాబ్” అంది.

సాబ్ మొహం వెలిగిపోయింది. “శభాష్! పట్నంలో నేను మొత్తుకునేది ఇదే. పడినవాణ్ని లేపి నిలబెట్టడం సర్కారు ధర్మం. నిలబడ్డాక కూడా ఉత్తగా తినబెడితే మనిషి సోమరి అవుతాడు.”

“సోమరే సాబ్, ఉత్త సోమరి!” అన్నాడు దొర. తన పొలం దున్నినవాడికి, నీళ్లు మోసినదానికి, చెప్పులు కుట్టినవాడికి పుట్టి బుద్ధెరిగి ఒక్క గింజ విదిల్చని దొరకు, ఉత్త తిండి మీద అంత అసహ్యం మరి.

“అందుకే ఇప్పటి నుంచే ఇక్కడ గంజి బంద్. ఈ ఊరికి ఇక సాయం అక్కర్లేదు. మిగిలిన బస్తాల కోసం బండ్లు పంపుతాను, కట్టంగూరుకు తోలించండి.”

దొర మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ బస్తాలు ఎప్పుడో షావుకారు కొట్టుకు చేరిపోయాయి.

“సాబ్, జర... అసలు సంగతేందంటే...”

“ఏమిటి? మీరు చెప్పింది నిజం కాదా?”

గిన్నెలు నావంటే అబద్ధం బయటపడుతుంది. అది బయటపడితే బస్తాల మాట లేస్తుంది. “నిజమే సాబ్” అన్నాడు దొర.

వంటవాడు పొయ్యిలో నీళ్లు పోశాడు. “అవ్వా, గంజి...” అని జానమ్మ ఏడుపందుకుంది. సాబ్ బండి వైపు నడిచాడో లేదో, గాలయ్య సుక్కమ్మ చెవి దగ్గరికి వచ్చి పళ్లు కొరికాడు. “గిన్నె ఇటు తే.”

సుక్కమ్మ గిన్నెను గుండెకు అదుముకుని గబగబా బండి దగ్గరికి పోయింది.

“సాబ్, నీ బాంచెన్. మీ బండి ఎటు పోతది?”

“రామన్నపేటకు.”

“మేం గూడ గటే సాబ్. ఇయ్యాల అంగడి గద.”

“అంగట్లో నీకేం పని అవ్వా?”

“ఉత్తగ తినుడు మంచిగాదంటిరి గద. గీ గిన్నెలమ్మి జొన్నలు కొనుక్కుంటం. లడాయి వచ్చినకాడికెల్లి ఇత్తడికి మస్తు గిరాకి. తొవ్వల ఎవడన్న గుంజుకుంటడేమోనని ఒక్కటే బుగులు.” ఆమె చూపు గాలయ్య మీద ఆగింది.

“వహ్వా!” సాబ్ చప్పట్లు చరిచాడు. “స్వశక్తి అంటే ఇదీ! జవాన్లు మీ పక్కనే నడుస్తారు. పదండి, అందరూ పదండి.” బండెక్కబోతూ ఆగి, దొర వైపు తిరిగాడు. “పాపం, చంకల్లో పిల్లలు, అంత దూరం గిన్నెలెలా మోస్తారు? గంపకెత్తి తెమ్మని మీ మనిషికి చెప్పండి.”

దొర గాలయ్యను చూశాడు. గాలయ్య దొరను చూశాడు. జవాన్లు ఇద్దరినీ చూశారు.

“గాలిగా...” అన్నాడు దొర. “నెత్తికెత్తుకోరా, అవ్వోళ్ల గిన్నెలు.”